లెక్టినులు: చక్కెరను బట్టి శత్రువును గుర్తించు మాంసకృత్తులు

కర్నూలు జిల్లాలో కోడుమూరు చుట్టుపట్ల ఎక్కువగా మెట్టపొలములే. తొలకరి పదును కాగానే రైతు వేరుసెనగ విత్తును. ఆ ప్రాంతపువారు వీనిని బుడ్డలందురు. ఆముదము, ఉలవలు కూడ ఆ సీమకు పాత పైరులే. బుడ్డలు నూనెకును, ఆముదము దీపమునకును, ఉలవలు ఎద్దుల దాణాకును గుగ్గిళ్ళకును పనికివచ్చునని బడిపిల్లలందరికి తెలియును. కాని ఈ మూడు గింజలును వైద్యశాస్త్రమునకు ఒక గొప్ప పాఠము నేర్పినవని తెలిసినవారు తక్కువ. ఒక కణము మన శరీరమునకు చెందినదా, లేక బయటనుండి వచ్చిన సూక్ష్మజీవియా అని మన రక్తము ఎట్లు తెలిసికొనును? అదియే ఆ పాఠము.

ఇది చిన్న ప్రశ్న కాదు. అనుకూలమైన పరిస్థితులలో కొన్ని బాక్టీరియములు ఇరువది నిమిషములకు ఒకసారి రెండుగా చీలును. ఆ లెక్కన ఒక్క బాక్టీరియము ఎనిమిది గంటలలో 24 సార్లు రెట్టింపై, 1 కోటి 67 లక్షలు దాటును. మన శరీరము ఒక క్రొత్త శత్రువునకు తగిన ప్రతిరక్షకములను తయారుచేసికొనుటకు కొన్ని దినములు పట్టును. అంతవరకు ఆగినచో గాయపడిన ప్రతివాడును ప్రాణము కోల్పోవలసినదే. కావున శత్రువును ముందెన్నడు చూడకపోయినను, చూచినంతనే పట్టుకొను కాపరులు రక్తములో ఎల్లప్పుడు సిద్ధముగా ఉండవలెను. అట్టి కాపరులలో ముఖ్యమైనవి లెక్టినులు. ఇవి చక్కెరలను గుర్తించి పట్టుకొను మాంసకృత్తులు.

కణముల మీది చక్కెర పూత

చక్కెర అనగానే మనకు తినెడి పంచదార జ్ఞప్తికి వచ్చును. రసాయన శాస్త్రమున చక్కెరలు ఒక పెద్ద కుటుంబము. గ్లూకోజు, మానోజు, గెలాక్టోజు అను మూడింటిని తీసికొనుడు. మూడింటిలోను 6 కర్బన పరమాణువులు, 12 ఉదజని పరమాణువులు, 6 ఆమ్లజని పరమాణువులు ఉన్నవి. సరుకు ఒక్కటే, అమరిక మాత్రము వేరు. గ్లూకోజు వలయములో రెండవ కర్బనముపై నున్న ఉదజని, ఆమ్లజనుల జంట తన దిశను మార్చుకొన్నచో అది మానోజు అగును. నాలుగవ కర్బనముపై నున్న జంట దిశ మార్చుకొన్నచో గెలాక్టోజు అగును. ఇంత చిన్న భేదమే ప్రాణికోటికి ఒక భాషగా ఉపయోగపడుచున్నది.

మన శరీరములోని ప్రతి కణము మీదను చక్కెరల గొలుసులు దట్టముగా మొలచియుండును. ఇవి కణపు పొరలోని మాంసకృత్తులకును కొవ్వులకును అతుకుకొని పైకి నిలిచియుండును. బాక్టీరియములకును ఇట్టి పూత ఉన్నది. కాని వాని గొలుసులు మన గొలుసుల వంటివి కావు. మన కణముల గొలుసులలో అనేకము చివర సయాలిక్ ఆమ్లమను ప్రత్యేకమైన చక్కెరతో ముగియును. దీనిని 1936లో స్వీడను దేశీయుడు గున్నార్ బ్లిక్స్ లాలాజల గ్రంథులనుండి వేరుచేసెను. అందుచేతనే దానికి లాలాజలమును సూచించు గ్రీకు మాటనుండి పేరు వచ్చినది. గొలుసు తలపై టోపీవలె కూర్చుండు ఈ సయాలిక్ ఆమ్లము క్రిందనే గెలాక్టోజు తరచుగా ఉండును. బాక్టీరియముల పైపూతలో మానోజు, ఎసిటైల్ గ్లూకోసమీను మొదలగునవి పైకి కనబడుచు, ఒకే వరుస మరల మరల వచ్చుచుండును.

కావున చక్కెర పూతను చదువగలిగినవానికి కణము స్వకీయమా, పరాయిదా అను సంగతి తెలిసిపోవును. లెక్టినులు చేయు పని ఇదియే.

ఆముదపు గింజ చెప్పిన మొదటి పాఠము

1888లో ఎస్టోనియా దేశములోని దోర్పాత్ విశ్వవిద్యాలయమున హెర్మన్ స్టిల్‌మార్క్ అను వైద్యవిద్యార్థి ఆముదపు గింజలలోని విషమును పరిశీలించుచుండెను. ఆ గింజల సారమును రక్తములో కలుపగా ఎర్రకణములు ఒకదానికొకటి అంటుకొని ముద్దలుగా పేరుకొనెను. లెక్టినుల చరిత్ర ఈ పరిశీలనతో ఆరంభమైనదని చెప్పుదురు. ఆముదపు గింజలలోని ఆ మాంసకృత్తులు గెలాక్టోజును పట్టుకొనునని తరువాత తేలినది.

ఆముదపు విషమునకు రిసిన్ అని పేరు. ఇది రెండు భాగములు కలది. ఒక భాగము కణము మీది గెలాక్టోజును పట్టుకొని లోనికి త్రోవ చేసికొనును. రెండవ భాగము లోపలకు చేరి, కణము మాంసకృత్తులను తయారుచేసికొను యంత్రమును పాడుచేయును. రిసిన్ మాంసకృత్తి కనుక నూనెలోనికి రాదు, పిండిలోనే మిగిలిపోవును. ఆముదపు పిండిని పొలమునకు ఎరువుగా వేయుదురే గాని పశువులకు పెట్టకపోవుటకు కారణమిదియే. పిల్లలు ఆముదపు గింజలను గాని, అట్టి విషమే కల గురివింద గింజలను గాని నమలరాదు.

ఈ రెండు విషములతోనే జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ 1891లో మరియొక ముఖ్యమైన సత్యము నిరూపించెను. ఎలుకలకు రిసిన్‌ను అతిస్వల్పముగా తినిపించి క్రమముగా పెంచుచు పోగా, అవి పెద్ద మోతాదును కూడ తట్టుకొనినవి. కాని అవే ఎలుకలు గురివింద విషమును తట్టుకొనలేకపోయినవి. అనగా శరీరము నేర్చుకొను రక్షణ ఏ విషమునకు ఆ విషమునకే ప్రత్యేకమైనది. రోగనిరోధక శాస్త్రమునకు ఇది ఒక పునాదిరాయి.

ఉలవలతో రక్తపరీక్ష

ఎర్రకణములు ముద్దకట్టుటకు కారణము చక్కెరయే అని రుజువు చేసినవారు జేమ్స్ సమ్నర్, హొవెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు. ఒక జాతి చిక్కుడు గింజల లెక్టినుతో ముద్దకట్టు కణములు, ముందుగా చక్కెరనీరు కలిపినచో ముద్దకట్టకుండ నిలిచినవని వారు 1936లో ప్రకటించిరి. లెక్టిను చేతులు ఆ చక్కెరతో నిండిపోవుటచే కణములను పట్టుకొనుటకు ఖాళీ లేకపోయినది.

తరువాత కొంతకాలమునకు కొన్ని గింజల సారములు అందరి రక్తమును గాక, ఒకొక్క వర్గపు రక్తమునే ముద్దకట్టించునని తెలిసినది. ఇందులో మన ఉలవలకు గౌరవస్థానము దొరికినది. 1951లో జి. డబ్ల్యు. జి. బర్డ్ అను రక్తశాస్త్రజ్ఞుడు, ఉలవల సారము మానవ ఎర్రకణములను ఎంపికచేసి ముద్దకట్టించునని బెంగుళూరునుండి వెలువడు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించెను. ‘ఏ’ వర్గములో ఏ1, ఏ2 అను ఉపవర్గములు ఉన్నవి. తగినట్లు పలుచన చేసిన ఉలవల సారము ఏ1 కణములను ముద్దకట్టించును, ఏ2 కణములను విడిచిపెట్టును. ఉలవల లెక్టిను పట్టుకొనునది ఎసిటైల్ గెలాక్టోసమీను అను చక్కెర. ఏ1 కణములపై అది మెండుగా ఉండును, ఏ2 కణములపై తక్కువ. నేటికిని రక్తనిధులలో ఈ రెండింటిని వేరుచేయుటకు ఉలవల లెక్టినును వాడుచున్నారు.

ఇట్లు ఎంపికచేయు గుణమును చూచియే 1954లో అమెరికాలోని బోస్టను నగరపు శాస్త్రజ్ఞుడు విలియం బాయిడ్ ఈ మాంసకృత్తులకు లెక్టినులని పేరు పెట్టెను. లాటిను భాషలో ఆ ధాతువునకు ‘ఎన్నుకొను’ అని అర్థము.

పచ్చి ఉలవలలోని లెక్టిను మనకు హాని చేయదా అని విద్యార్థులు అడుగవచ్చును. పప్పుధాన్యములను నానబెట్టి బాగుగా ఉడికించినచో లెక్టినుల శక్తి నశించును. గుగ్గిళ్ళను మెత్తగా ఉడికించు మన పెద్దల అలవాటు మంచిదే.

వేరుసెనగ చూపిన దాగిన చక్కెర

వేరుసెనగ కథ ఇంతకంటె ఆసక్తికరమైనది. 1920 తరువాత ఐరోపా ప్రయోగశాలలలో ఒక చిక్కు కనబడినది. నిలువయుంచిన రక్తములో బాక్టీరియములు చేరినచో, ఆ ఎర్రకణములు ఏ వర్గపు సీరముతోనైనను ముద్దకట్టుచుండెను. హ్యూబెనర్, థామ్సన్, ఫ్రీడెన్‌రైక్ అనువారు దీనిని పరిశోధించిరి. కణములపై అంతవరకు దాగియున్న ఏదో ఒక గుర్తు బయటపడుటయే కారణమని తేలినది. దానికి టి-గుర్తు అని పేరు పెట్టిరి.

ఆ గుర్తు ఎట్లు బయటపడినది? కొన్ని బాక్టీరియములు సయాలిక్ ఆమ్లమును తెంపివేయు కిణ్వమును విడుదల చేయును. టోపీ ఊడిపోగానే క్రిందనున్న గెలాక్టోజు బయటపడును. పెద్దవారి రక్తములో ఈ బట్టబయలైన గుర్తును పట్టుకొను ప్రతిరక్షకములు సాధారణముగా ఉండును. మన పేగులలోని బాక్టీరియములపై ఇట్టి చక్కెరలే ఉండుటచే వానిని చూచి శరీరము ఈ ప్రతిరక్షకములను నేర్చుకొనును.

1964లో ఉలవల గుణము కనుగొన్న ఆ బర్డే, వేరుసెనగ గింజలలోని లెక్టిను ఈ టి-గుర్తును పట్టుకొనునని కనుగొనెను. ఆరోగ్యవంతుని ఎర్రకణములకు సయాలిక్ టోపీ ఉండుటచే వేరుసెనగ లెక్టిను వానిని ముద్దకట్టించదు. టోపీ ఊడిన కణములను మాత్రము వెంటనే ముద్దకట్టించును. అనగా బుడ్డ గింజలోని ఒక మాంసకృత్తి, రక్తములో బాక్టీరియము చేసిన చెరుపును చూపు పరికరమైనది.

ఇది ప్రయోగశాల వినోదము మాత్రమే కాదు. న్యుమోకాకస్ అను బాక్టీరియము వలన తీవ్రమైన న్యుమోనియా వచ్చిన చిన్నపిల్లలలో కొందరికి ఎర్రకణములు చితికి, మూత్రపిండములు దెబ్బతినును. ఆ బాక్టీరియము సయాలిక్ ఆమ్లమును తెంపగలదు. అట్టి బిడ్డ రక్తములో టి-గుర్తు బయటపడినదా అని తెలిసికొనుటకు వేరుసెనగ లెక్టినుతో పరీక్షింతురు. బయటపడినట్లు తేలినచో, ఆ బిడ్డకు రక్తమును ప్లాస్మాను ఎక్కించుటలో వైద్యులు జాగ్రత్త వహింతురు. ఏలయన దాత ప్లాస్మాలోని ప్రతిరక్షకములు ఆ కణములపై పడవచ్చును.

వేరుసెనగ లెక్టిను రూపమును బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు ఎం. విజయన్, ఆయన సహచరులు ఎక్సు-కిరణముల సాయముతో నిర్ణయించి 1994లో ప్రకటించిరి. ఈ అణువులో నాలుగు సమానమైన భాగములున్నవి. అట్టి నాలుగు భాగముల అణువులలో సాధారణముగా కనబడు సౌష్ఠవము దీనిలో లేకపోవుట శాస్త్రలోకమును ఆశ్చర్యపరచినది.

మన రక్తములోని కాపరి

గింజలలో ఉన్నట్టి మాంసకృత్తులు జంతువులలో లేవా? ఉన్నవి. 1968లో అమెరికా వైద్యులు ఒక పసిపాప సంగతిని ప్రకటించిరి. ఆమెకు మాటిమాటికి అంటువ్యాధులు, విరేచనములు వచ్చుచుండెను. ఆమె తెల్లకణములలో లోపము లేదు. కాని ఆమె సీరములో ఈస్టు కణములను ఉంచినపుడు తెల్లకణములు వానిని సరిగా మ్రింగలేదు. ఆరోగ్యవంతుల ప్లాస్మా ఎక్కించగా పాప కోలుకొన్నది. ఆమె రక్తములో ఏదో ఒక వస్తువు కొరవడినదని స్పష్టమైనది. ఆ వస్తువు ఏదో తెలియుటకు ఇరువది సంవత్సరములు పట్టినది.

1978లో జపాను దేశపు కావసాకి, ఆయన సహచరులు కుందేటి కాలేయమునుండి మానోజు గొలుసులను పట్టుకొను ఒక మాంసకృత్తిని వేరుచేసిరి. ఇది మన రక్తములోను ఉన్నది, కాలేయమే దీనిని తయారుచేయును. దీనిని మానోజును పట్టు లెక్టిను అందురు. ఇక మనము క్లుప్తముగా మానోజు లెక్టిను అందము. 1989లో బ్రిటను శాస్త్రజ్ఞులు, ఈస్టును మ్రింగించలేని సీరములు గల పిల్లలలో కొరవడినది ఈ మానోజు లెక్టినే అని చూపిరి.

ఇది చక్కెరను ఎట్లు గుర్తించునో 1992లో విలియం వైస్, కర్ట్ డ్రికమర్, వేన్ హెండ్రిక్‌సన్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. లెక్టిను తలలో ఒక కాల్షియము పరమాణువు కూర్చుండియుండును. మానోజు వలయములోని మూడవ, నాలుగవ కర్బనములపైనున్న జంటలు రెండును ఒకే తలములో ప్రక్కప్రక్కన ఉండి ఆ కాల్షియమునకు చక్కగా ఒదుగును. ఎసిటైల్ గ్లూకోసమీనుకును, గ్లూకోజుకును అదే అమరిక ఉన్నది. గెలాక్టోజులో నాలుగవ జంట దిశ మారియుండుటచే అది ఒదుగదు. సయాలిక్ ఆమ్లము కూడ ఒదుగదు. మనము మొదట చెప్పుకొన్న చిన్న భేదము ఇక్కడ ఎంత పెద్ద ఫలితమునిచ్చినదో చూడుడు. మన కణముల గొలుసుల చివర గెలాక్టోజు, సయాలిక్ ఆమ్లము ఉండుటచే మానోజు లెక్టిను వానిని చాలవరకు తాకక, బాక్టీరియములను, బూజుజాతి కణములను పట్టుకొనుచున్నది.

ఒక్క పట్టు చాలదు

ఇక్కడ ఒక సందేహము కలుగును. మన రక్తములో గ్లూకోజు ఎల్లప్పుడు ఉండును గదా! అది లెక్టిను తలలో చేరి అడ్డుపడదా? అడ్డుపడినను ఆ పట్టు నిలువదు. ఒక్క చక్కెర అణువును ఒక్క లెక్టిను తల పట్టుకొను బలము మిక్కిలి స్వల్పము. క్షణములో జారిపోవును. బలము సంఖ్యలో ఉన్నది.

పొలము గట్టున నడచిన పిల్లవాని పంచెకు ఉత్తరేణి గింజలు అంటుకొనుట చూచియే యుందురు. ఒక గింజను వ్రేలితో తేలికగా ఊడదీయవచ్చును. కంకి యంతయు ఒక్కసారి అంటుకొన్నచో, ఒక ముల్లు వదలులోగా మిగిలిన ముండ్లు పట్టుకొనియుండును. మానోజు లెక్టిను కూడ అంతే. మూడు గొలుసులు జడవలె అల్లుకొని, మూడు తలలు గల ఒక కాడ అగును. అట్టి కాడలు రెండు మొదలు ఆరువరకు అడుగుభాగమున కలిసి పూలగుత్తివలె విచ్చుకొనును. ఆరు కాడలు కలిసినచో పదునెనిమిది తలలు. ఒక కాడలోని తలల మధ్య దూరము సుమారు 45 ఆంగ్‌స్ట్రాములు, అనగా మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేయగా అందు నాలుగున్నర భాగములు. తలలు కదలక ఈ దూరములోనే నిలిచియుండుటచే, చక్కెరలు దూరదూరముగా వరుసదీరిన బాక్టీరియముపై అనేక తలలు ఒక్కసారి పడును. పట్టు గట్టిపడును. విడిగా తేలియాడు గ్లూకోజునకు ఈ వరుస లేదు కనుక అది పోటీకి రాలేదు.

కావున లెక్టిను చూచునది చక్కెర జాతిని మాత్రమే కాదు, చక్కెరలు అమరిన వరుసను కూడ.

పట్టుకొన్న తరువాత

పట్టుకొనుటతో పని ముగియదు. కాపరి కేకవేసి ఊరివారిని పిలువవలెను. మన రక్తములో కాంప్లిమెంటు అను మాంసకృత్తుల దండు నిద్రాణముగా తిరుగుచుండును. 1890 తరువాతి దశకములో జూల్స్ బోర్డే అను బెల్జియను శాస్త్రజ్ఞుడు దీనిని గూర్చి పరిశోధించి, 1919 సంవత్సరపు నోబెల్ బహుమానము పొందెను. ప్రతిరక్షకములు ఈ దండును మేల్కొల్పునని ఆయన నాటినుండియే తెలియును. ప్రతిరక్షకములు లేకయే లెక్టినులు కూడ మేల్కొల్పగలవని 1987 నుండి తెలిసినది. మాట్సుషిత, ఫుజిత అను జపాను శాస్త్రజ్ఞులు 1992లో అందుకు తోడ్పడు కిణ్వమును కనుగొనిరి.

మానోజు లెక్టిను కాడలకు ఈ జాతి కిణ్వములు అంటియుండును. లెక్టిను బాక్టీరియమును పట్టుకొనగానే అవి చైతన్యము పొంది కాంప్లిమెంటు దండులోని కొన్ని మాంసకృత్తులను ఖండించును. ఖండింపబడినవి మరికొన్నింటిని ఖండించును. ఒక దీపముతో పది దీపములు, పదింటితో నూరు దీపములు వెలిగించినట్లు పని పెరుగును. కొలది నిమిషములలో బాక్టీరియము పైపూతపై సి3 అను మాంసకృత్తి ముక్కలు వేలసంఖ్యలో అతుకుకొనును. ఆ గుర్తులను చూచి తెల్లకణములు దానిని మ్రింగివేయును. కొన్ని బాక్టీరియములకు చివరి మాంసకృత్తులు పైపొరలో రంధ్రములు చేసి నేరుగా చంపివేయును.

ఊపిరితిత్తులలోను, పేగులలోను

సూక్ష్మజీవులు మొదట వచ్చునది రక్తములోనికి కాదు. గాలితో ఊపిరితిత్తులలోనికి, ఆహారముతో పేగులలోనికి వచ్చును. అక్కడను లెక్టినులు కాపలా యున్నవి. ఊపిరితిత్తుల గాలిగదులను తడిపియుంచు ద్రవములో మానోజు లెక్టినుకు దగ్గరి చుట్టములైన రెండు లెక్టినులు ఉన్నవి. తెల్లకణముల పైపొరలోనే పాతుకొనియుండి బాక్టీరియములను, బూజులను నేరుగా పట్టి లోనికి లాగు లెక్టినులు మరికొన్ని ఉన్నవి.

పేగుల సంగతి మరింత విచిత్రము. అక్కడ కోట్లకొలది బాక్టీరియములు మనకు మేలు చేయుచు నివసించును. వానిని చంపరాదు, పేగు గోడను తాకనీయరాదు. పేగులోని జిగురులో జెడ్‌జి16 అను లెక్టిను ఉన్నది. అది ఒక జాతి బాక్టీరియముల పైగోడలోని చక్కెరను పట్టుకొని, వానిని గుంపులుగా చేర్చి గోడకు దూరముగా నిలుపునని 2016లో స్వీడను శాస్త్రజ్ఞులు చూపిరి. ఈ మానవ లెక్టిను రూపము పనసగింజల లెక్టిను రూపమును పోలియున్నది. పనస లెక్టిను రూపమును 1996లో బెంగుళూరు సంస్థనుండి ప్రకటించిన బృందములోని ఆర్. శంకరనారాయణన్ తరువాత హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున పరిశోధకులైరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున కూడ పొట్ల గింజలు మొదలగువాని లెక్టినులపై పరిశోధనలు జరిగినవి.

2015లో అమెరికాలో లారా కీస్‌లింగ్ బృందము మన పేగులలోని ఇంటెలెక్టిను అను మరియొక లెక్టిను బాక్టీరియముల చక్కెరలను పట్టుకొని, మానవ కణముల చక్కెరలను విడిచిపెట్టునని చూపినది. అది చూచునది చక్కెర వలయమును కాదు, వలయమునకు బయట వ్రేలాడు ఒక చిన్న కొసను. శత్రువును గుర్తించుటకు ప్రకృతి ఒక్క ఉపాయముతో తృప్తిపడలేదు.

కాపరి లేనిచో

మానోజు లెక్టినును తయారుచేయు జన్యువులో మూడు చిన్న మార్పులు అనేక జాతులవారిలో కనబడుచున్నవి. ఇట్టి మార్పులున్నవారి రక్తములో ఈ లెక్టిను బాగుగా తగ్గును. అయినను వారిలో అత్యధికులు ఆరోగ్యముగానే జీవింతురు. ఇతర లెక్టినులు, ప్రతిరక్షకములు ఆ లోటు తీర్చును. ఇబ్బంది కలుగునది ఒక ప్రత్యేకమైన కాలములో. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు బిడ్డకు ఆరు నెలలు నిండునప్పటికి తరిగిపోవును. బిడ్డ స్వంత ప్రతిరక్షకములు బలపడుటకు ఒకటిన్నర సంవత్సరము వరకు పట్టవచ్చును. ఈ సందులో లెక్టినుల కాపలాయే పెద్ద అండ. ఆ అండ కూడ తక్కువైన పసిబిడ్డలకు అంటువ్యాధులు ఎక్కువగా రావచ్చును. క్యాన్సరు మందుల వలన తెల్లకణములు తగ్గిన రోగులకును ఇట్టి ప్రమాదము ఉండవచ్చును.

బాక్టీరియముల మారువేషము

శత్రువు ఊరక కూర్చుండునా? మెదడుపొర వాపును కలిగించు మెనింగోకాకస్ బాక్టీరియములలో ఒక జాతి, మన కణముల మీది సయాలిక్ ఆమ్లమునే తాను కప్పుకొనును. దొంగ ఇంటివాని తలపాగా చుట్టుకొని వచ్చినట్లు, కాపరికి అది మన కణమువలె కనబడును. న్యుమోకాకస్ తన గోడపై దట్టమైన చక్కెర కవచము తొడుగుకొనుటచే మానోజు లెక్టినుకు సరిగా చిక్కదు. సన్నిపాతజ్వరము, అనగా టైఫాయిడు కలిగించు బాక్టీరియము కూడ ‘వి’ అను చక్కెర కవచముతో కాంప్లిమెంటును తప్పించుకొనును.

మానవుడు ఈ కవచమునే ఆయుధముగా మార్చినాడు. కవచపు చక్కెరను టీకాగా ఇచ్చినచో పెద్దలలో ప్రతిరక్షకములు పుట్టును. కాని రెండు సంవత్సరములలోపు పిల్లల శరీరము వట్టి చక్కెరను చూచి సరిగా నేర్చుకొనదు. ఆ చక్కెరను ఒక మాంసకృత్తికి అతికించి ఇచ్చినచో నేర్చుకొనును. ఈ పద్ధతితో ‘వి’ చక్కెరను ధనుర్వాత విషమునుండి చేసిన నిరపాయకరమైన మాంసకృత్తికి జోడించి హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ టైఫాయిడు టీకా తయారుచేసినది. ఆరు నెలల బిడ్డకును ఇయ్యదగిన ఈ టీకాను 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదిత జాబితాలో చేర్చినది. న్యుమోకాకస్ చక్కెరలతో ఇట్లే చేసిన టీకాను భారత ప్రభుత్వము 2017లో కొన్ని రాష్ట్రములలో ఆరంభించి, 2021లో దేశమంతటికి విస్తరింపజేసినది. లెక్టినులు గుర్తించలేని మారువేషమును ప్రతిరక్షకములకు ముందుగా చూపియుంచుటయే ఈ టీకాల రహస్యము. తల్లి ఇచ్చిన రక్షణ తరిగి బిడ్డ రక్షణ బలపడని ఆ నెలలలోనే ఇవి ముఖ్యముగా అవసరము. పసిబిడ్డల టీకాలను వాయిదా వేయరాదనుటకు కారణమిది.

తరగతిలో ఉపాధ్యాయులు ఈ సంగతిని సులభముగా చూపవచ్చును. ఒక గుడ్డముక్కపై ఒక ఉత్తరేణి గింజను, మరియొకదానిపై ఒక కంకిని అంటించి, రెండింటిని లాగి చూడమని పిల్లలకు ఇచ్చినచో, పదునెనిమిది తలల బలమేమిటో వారికి చెప్పకయే తెలియును. తరువాత ఒక గుప్పెడు ఉలవలను, బుడ్డలను బల్లపై పోసి, రక్తనిధిలోను ఆసుపత్రిలోను వీనికి గల పని చెప్పవలెను. తమ పొలములోని గింజకును తమ రక్తములోని కాపరికిని ఉన్న చుట్టరికము తెలిసిన విద్యార్థి, జీవశాస్త్రమును దూరదేశపు విద్యగా భావింపడు.